ఏ కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నావో తెలుసుకో

తల్లీ,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది, తోటివాళ్లంతా యూనియన్ బ్రాంచి కార్యదర్శిగా నిలబడమంటున్నారు, మరోపక్క బస్తీ కమిటీ వాళ్లేమో సాయంత్రాలు నువ్వు రాకపోతే పని కదలడం లేదంటున్నారు అని రాశావు. "మూడింట్లో ఏది వదులుకోమంటావు పెద్దమ్మా?" అని అడిగావు.

ఏదీ వదులుకోవద్దు. నేను ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేశాను. అందులో పందొమ్మిదేళ్లు యూనియన్‌లో ఏదో ఒక బాధ్యత మోశాను. రిటైరయ్యాక కూడా బస్తీ పని ఆపలేదు. ఆఫీసులో నేర్చుకున్నది యూనియన్‌లో పనికొచ్చింది, యూనియన్‌లో నేర్చుకున్నది బస్తీలో పనికొచ్చింది. కానీ ఆ మూడింటినీ కలగాపులగం చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు నష్టపోయారు. ఎక్కువసార్లు నష్టపోయింది నన్ను నమ్మినవాళ్లే. అందుకే నీకు ముందుగా ఒక్క మాట చెప్పాలి. నోరు విప్పేటప్పుడు నువ్వు ఏ కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నావో నీకు తెలిసి ఉండాలి, ఎదుటివాళ్లకీ తెలిసి ఉండాలి.

ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెబుతాను. నేను యూనియన్‌లో చేరిన మూడో ఏడు మా సెక్షన్ పనులు కొన్ని కాంట్రాక్టుకి ఇవ్వాలనే ప్రతిపాదన ఫైలు నా టేబుల్ మీదుగా వెళ్లింది. గుమస్తాగా దాన్ని చదివాను. ఆ సాయంత్రమే కమిటీ మీటింగులో యూనియన్ మనిషిగా చెప్పేశాను. మర్నాడు పొద్దున గేటు దగ్గర కరపత్రాలు పంచారు. అందులో ఫైలు నంబరు కూడా ఉంది. విచారణ మొదలైంది. ఆ ఫైలు తెచ్చి నాకిచ్చిన జూనియర్ కుర్రాణ్ణి వారం తిరక్కుండా దూరానికి బదిలీ చేశారు. అతని భార్యకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. చెప్పింది నేనేనని వెళ్లి ఒప్పుకున్నాను. మెమో ఇచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు. అతని బదిలీ మాత్రం ఆగలేదు. ఆ తర్వాత చాలాకాలం మా సెక్షన్‌లో ఎవరూ నా ముందు మనసు విప్పి మాట్లాడలేదు.

మరి తెలిసిన విషయం కడుపులో దాచుకోవాలా అంటావు. దానికి దారి ఉంది, నాకు తర్వాత తెలిసింది. "మా పనులు బయటివాళ్లకి ఇచ్చే ఆలోచన ఏదైనా ఉంటే, మాతో చర్చించాకే నిర్ణయం తీసుకోవాలి" అని యూనియన్ తరఫున ప్రతి ఏడాదీ మొదటి నెలలో ఒక లేఖ ఇచ్చే అలవాటు పెట్టాం. ఎవరి టేబుల్ మీద ఏం కనిపించింది అన్న ప్రశ్నే రాకుండా పోయింది. మీ బ్రాంచిలో అలాంటి అలవాటు లేకపోతే, నువ్వు గెలిస్తే చేయాల్సిన మొదటి పని అదే.

ఇంకో చిక్కు కూడా వస్తుంది, ముందే చెబుతున్నాను. మీ బస్తీ దరఖాస్తు ఒకరోజు నీ టేబుల్ మీదకే వస్తుంది. దాన్ని నువ్వు ముట్టుకోకు. "ఈ దరఖాస్తుదారులతో నాకు సంబంధం ఉంది, వేరొకరు పరిశీలించగలరు" అని నోట్ రాసి పైకి పంపు. బస్తీవాళ్లు నొచ్చుకుంటారు. మనమ్మాయి అక్కడ ఉండి కూడా మన పని చేయలేదంటారు. వాళ్లకి ఓపిగ్గా చెప్పు. ఈరోజు నువ్వు వాళ్ల ఫైలు ముందుకు జరిపితే, రేపు పక్క బస్తీవాళ్లకి జరిగే అన్యాయం గురించి నోరెత్తే హక్కు నీకుండదు. మూడు పనులకీ మూడు నోటు పుస్తకాలు పెట్టుకో. ఆఫీసు కాగితం మీద యూనియన్ లేఖ రాయకు, ఆఫీసు ఫోన్‌తో బస్తీ మీటింగుకి పిలవకు. ఇవి చిన్న విషయాలనిపిస్తాయి. నీమీద కోపం ఉన్నవాళ్లు ముందు వెతికేది వీటినే.

ఇక ఉద్యోగం సంగతి. యూనియన్‌లోకి వచ్చే చాలామంది పిల్లలు ఉద్యోగాన్ని జీతం కోసం చేసే పనిగా, యూనియన్‌ని అసలు సేవగా చూస్తారు. ఆ ఆలోచన పెట్టుకోకు. కౌంటరు దగ్గర నువ్వు చేసే పనే నీ మొదటి ప్రజాసేవ. పనిలో గట్టిదానివని పేరుంటేనే యూనియన్‌లో నీ మాటకి బలం వస్తుంది. ఫైళ్లు పేరబెట్టుకున్న మనిషి హక్కుల గురించి మాట్లాడితే పై అధికారి కన్నా ముందు తోటివాళ్లే నవ్వుతారు.

నేను చేరిన కొత్తలో మా ఆఫీసులో దరఖాస్తులు వెనక్కి పంపేటప్పుడు "వివరాలు అసంపూర్ణం" అని ఒక ముద్ర వేసేవాళ్లు. ఏ వివరం లేదో రాసేవాళ్లు కాదు. జనం నాలుగైదుసార్లు తిరిగేవాళ్లు. నేను ఒక చిన్న చీటీ మొదలుపెట్టాను. ఏ కాగితం కావాలి, అది ఎక్కడ దొరుకుతుంది, మళ్లీ ఏ తేదీన రావాలి, చివర నా పేరు. అంతే. పేరు రాయడం చూసి మా సీనియర్లు భయపెట్టారు, రేపు ఏదైనా అయితే నువ్వే ఇరుక్కుంటావని. ఎప్పుడూ ఇరుక్కోలేదు. కానీ పేరు రాసిన ప్రతి చీటీకీ నేను జవాబుదారీ అయ్యాను. ఆ భయం నన్ను సరిగ్గా పనిచేయించింది. తర్వాత యూనియన్‌లో ఫిర్యాదుల పుస్తకం పెట్టినా, బస్తీలో అర్జీల పుస్తకం పెట్టినా, గళ్లు అవే: ఎవరు ఏం చెప్పారు, నేను ఏం చేస్తానన్నాను, ఎప్పటికి. మూడో గడి ఖాళీగా వదలకు.

ప్రభుత్వంలో ఉంటూ ఏం చేయగలం అని నిరుత్సాహం వచ్చినప్పుడు నేను గుర్తు చేసుకునే మనుషులు కొందరున్నారు. అమెరికాలోని షికాగోలో 1889లో జేన్ ఆడమ్స్, తన స్నేహితురాలితో కలిసి, వలస కార్మికులుండే వాడలో హల్ హౌస్ అనే సేవాకేంద్రం పెట్టింది. ఆ వాడలో చెత్త ఎత్తేవాళ్లు లేక జబ్బులొస్తుంటే ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేసింది. చివరికి 1895లో తనే ఆ వార్డుకి చెత్త ఇన్‌స్పెక్టరుగా నియామకం తీసుకుని, తెల్లవారే లేచి బళ్ల వెంట నడిచింది. అదే ఇంట్లో ఉన్న ఫ్లారెన్స్ కెల్లీ, ఇళ్లలో బట్టలు కుట్టే ఆడవాళ్ల, పిల్లల పరిస్థితులు గడపగడపకీ తిరిగి రాసుకుంది. 1893లో ఆ రాష్ట్రం ఫ్యాక్టరీ చట్టం చేసినప్పుడు ఆమెనే చీఫ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఫ్రాన్సిస్ పెర్కిన్స్ కథ ఇంకోటి. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. ఎక్కువమంది వయసులో ఉన్న ఆడపిల్లలే. తలుపులకి తాళాలున్నాయి. అది కళ్లారా చూసినవాళ్లలో పెర్కిన్స్ ఒకరు. ఆమె 1933లో అమెరికా కార్మికశాఖ మంత్రి అయ్యి పన్నెండేళ్లు ఆ పదవిలో ఉంది. వృద్ధాప్య పెన్షన్లకీ నిరుద్యోగ భృతికీ పునాది వేసిన 1935 చట్టం, కనీస వేతనం తెచ్చిన 1938 చట్టం ఆమె హయాంలో వచ్చినవే. ఈ ముగ్గురూ వీధిలో చూసినదాన్ని ఆఫీసు దాకా తీసుకెళ్లారు. ఫైలులో ఒక వాక్యం సరిగ్గా పడితే ఎంతమంది బతుకులు మారతాయో వాళ్లకి తెలుసు.

ఇప్పుడు యూనియన్. నువ్వు నిలబడాలా వద్దా అన్నది నేను చెప్పను. నిలబడే ముందు నీ ఉద్యోగ నియమావళిని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువు. ప్రభుత్వ ఉద్యోగులకి సంఘం పెట్టుకునే హక్కు విషయంలో దేశానికో తీరు ఉంటుంది, సమ్మె విషయంలో ఇంకా ఎక్కువ తేడాలుంటాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948లో చేసిన 87వ ఒప్పందం సంఘం పెట్టుకునే స్వేచ్ఛ గురించి చెబుతుంది. 1949 నాటి 98వది సామూహిక బేరసారాల గురించి, అంటే కార్మికులంతా కలిసి సంఘం ద్వారా యాజమాన్యంతో మాట్లాడి తేల్చుకోవడం గురించి. 1978లో వచ్చిన 151వది ప్రత్యేకంగా ప్రభుత్వ ఉద్యోగుల కోసం. సంఘంలో ఉన్నందుకు వేధించకూడదని, సంఘం ప్రభుత్వ జోక్యం లేకుండా నడవాలని అది అంటుంది. సైన్యం, పోలీసు వంటి వాటిని ఆయా దేశాల చట్టాలకి వదిలేసింది. మన దేశం వీటిలో ఏవి ఆమోదించింది, మీ నియమాల్లో ఏముంది అన్నది కంఠతా ఉండాలి. నియమం తెలిసిన కార్యదర్శిని చూస్తే కేకలు వేసే కార్యదర్శి కన్నా అధికారులు ఎక్కువ జాగ్రత్తగా ఉంటారు.

తర్వాత లెక్క. మీటింగులో ఎత్తిన చేతుల్ని నమ్మకు. నేను ఒకసారి నమ్మాను. హాల్లో నూటయాభై చేతులు లేచాయి, మర్నాడు ధర్నాకి ముప్పైమంది వచ్చారు. ఆ ముప్పైమంది ముఖాలూ యాజమాన్యం గుర్తుపెట్టుకుంది. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ కార్యక్రమమైనా ముందు చిన్నపని అడగాలి. ఒక కాగితం మీద సంతకం. తర్వాత అందరూ ఒకేరోజు బ్యాడ్జి పెట్టుకోవడం. తర్వాత భోజన విరామంలో పావుగంట గేటు బయట నిలబడటం. ఒక్కో మెట్టు మీద ఎంతమంది నిలిచారో పేరు పేరునా రాసుకో. రాకపోయినవాళ్లని తిట్టకు, వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చో. ఒకరికి ఇంట్లో అప్పు ఉంటుంది, ఒకరికి బదిలీ భయం ఉంటుంది, ఒకరికి పాత కార్యదర్శి మీద కోపం ఉంటుంది. ఆ కారణాలు వినడమే యూనియన్ పనిలో ముప్పావు వంతు. మైకు దగ్గర మాట్లాడటం చాలా తక్కువ.

చార్జిషీటు వచ్చినవాళ్లు నీ దగ్గరికి వస్తారు. అందరూ నిరపరాధులు కారు. నాకు బాగా గుర్తున్న ఒకాయన కౌంటరు దగ్గర డబ్బు తీసుకున్నాడు. నిజంగానే తీసుకున్నాడు, నా ముందు ఏడ్చి ఒప్పుకున్నాడు. కమిటీలో సగంమంది "అతని తరఫున నిలబడితే యూనియన్ పరువు పోతుంది" అన్నారు. మిగతా సగంమంది "మనవాడు కాబట్టి ఎలాగైనా తప్పించాలి" అన్నారు. ఆ రెండు మాటలూ నాకు నచ్చలేదు. అతనితో ఇలా చెప్పాను: "నీకోసం అబద్ధం చెప్పను. కానీ విచారణ పద్ధతి ప్రకారం జరిగేలా చూస్తాను. నీమీద ఉన్న కాగితాలన్నీ నీకు చూపించాలి, నీ మాట వినాలి, తప్పుకి మించిన శిక్ష వేయకూడదు. అంతవరకే." విచారణలో తేలిందేమిటంటే అతను తీసుకున్నది కొద్ది మొత్తం, మిగతాదంతా పైన ఇంకెవరో తిన్నది అతని నెత్తిన రుద్దారు. ఉద్యోగం పోలేదు, హోదా తగ్గింది. అది న్యాయమే అనుకుంటున్నాను. నిరపరాధికి విచారణ సరిగ్గా జరగాలంటే అపరాధికి కూడా సరిగ్గా జరగాలి. ఆ పద్ధతిని కాపాడటానికే నువ్వు అక్కడ కూర్చుంటావు. బయట జనానికి ఇది నచ్చదు. వాళ్లూ కౌంటరు దగ్గర డబ్బిచ్చి నలిగినవాళ్లే కదా. అందుకే ఇలాంటి కేసులో యూనియన్ ఏం అడుగుతోందో, ఏం అడగడం లేదో కాగితం మీద రాసి బోర్డు మీద అంటించేదాన్ని.

చర్చలకి ఎప్పుడూ ఒంటరిగా వెళ్లకు. ఇద్దరు వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. గదిలోంచి లేచే ముందే ఒప్పుకున్నవి చదివి వినిపించి, రెండువైపులా సంతకాలు పెట్టించు. "రేపు మినిట్స్ పంపిస్తాం" అంటే, ఇప్పుడే చేత్తో రాసినవి చాలండి అను. చర్చలు నడుస్తున్న రోజుల్లో నీకు మంచి సీటు ఇస్తామని, నచ్చిన చోటుకి బదిలీ చేస్తామని ఎవరో ఒకరు ప్రేమగా అంటారు. నిజంగానే నీ మంచికోరి అన్నా సరే, అప్పుడు తీసుకోకు.

మన తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునే వి.వి.గిరి గారు రైల్వే కార్మిక సంఘాల్లోంచి వచ్చారు. 1937లో మద్రాసు రాష్ట్రంలో, 1952 నుంచి కేంద్రంలో కార్మికమంత్రిగా చేశారు. కార్మిక తగాదాలు విచారించే ట్రిబ్యునల్ తీర్పుల కోసం ఎదురుచూడటం కన్నా కార్మికులూ యాజమాన్యమూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని ఆయన గట్టిగా వాదించేవారు. దానికి గిరి పద్ధతి అనే పేరు వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. మంత్రి కుర్చీలో కూర్చుని సంఘం మాట మాట్లాడుతూ కాలక్షేపం చేయవచ్చు, చాలామంది చేస్తారు. ఆయన ఆ రెండూ పొసగవని తేలినరోజు లేచి బయటికి వచ్చారు. నేను కుర్చీల గురించి చెబుతున్నది ఇదే.

సమ్మె గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె వేరు. ఫ్యాక్టరీ ఆగితే యజమానికి నష్టం. మన పని ఆగితే ముందు దెబ్బతినేది కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ మనిషి. ఒక ఏడాది మా డిపార్ట్‌మెంటులో సమ్మె చేశాం. కోరికలు న్యాయమైనవే. రోజుకూలీ మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లని పర్మనెంటు చేయమన్నాం. కానీ ఎందుకు చేస్తున్నామో బస్తీల్లో ఎవరికీ చెప్పలేదు. అధికారులకి నోటీసిచ్చాం, పత్రికలకి ప్రకటన పంపాం, అంతే. మూడోరోజుకి నీళ్లులేని వీధుల్లో మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టారు. మా బస్తీలో, నాతో కలిసి ఏళ్లుగా పనిచేసిన ఆడవాళ్లు, నా ముఖం చూసి పక్కకి తిరిగారు. అయిదోరోజుకి సమ్మె విరమించాం. పర్మనెంటు చేయడం ఇంకో ఆరేళ్లు వెనక్కి పోయింది. ఆ ఆరేళ్లలో ఇద్దరు రోజుకూలీలుగానే చనిపోయారు, వాళ్ల కుటుంబాలకి పైసా పెన్షన్ రాలేదు. ఆ రెండు ఇళ్లకీ ఇప్పటికీ వెళ్తుంటాను.

అమెరికాలోని మెంఫిస్ పారిశుధ్య కార్మికుల సమ్మె గురించి తర్వాత చదివినప్పుడు మేం ఎక్కడ తప్పామో అర్థమైంది. 1968 ఫిబ్రవరి 1న ఇద్దరు కార్మికులు వానకి చెత్తబండిలో తలదాచుకుంటే యంత్రం తిరిగి నలిగి చనిపోయారు. ఫిబ్రవరి 12 నుంచి దాదాపు 1,300 మంది పని ఆపారు. వాళ్లు నగరపాలక సంస్థ ఉద్యోగులు, నల్లజాతి మగవాళ్లు. "నేను మనిషిని" అని అట్టముక్కల మీద రాసుకుని వీధుల్లో నడిచారు. చెత్త పేరుకుపోయినా వాళ్ల వాడల జనం వాళ్లని వదల్లేదు. చర్చిల్లో విరాళాలు పోగయ్యాయి, ఊరి నడిబొడ్డులో ఉన్న దుకాణాల్లో కొనడం మానేశారు. మార్టిన్ లూథర్ కింగ్ వాళ్లకి మద్దతుగా ఆ ఊరు వచ్చి, ఏప్రిల్ 4న అక్కడే హత్యకి గురయ్యారు. ఏప్రిల్ 16న నగరం యూనియన్‌ని గుర్తించింది. రెండు నెలలకి పైగా చెత్త పేరుకున్నా జనం వాళ్లవైపే నిలబడ్డారంటే, జీతం పెంపుని మించిన విషయం ఏదో వాళ్లకి అర్థమైంది కాబట్టే.

మా రెండో సమ్మెకి ముందు నెలరోజులు వీధివీధికీ తిరిగాం. ఆస్పత్రులకీ, నడవలేని ముసలివాళ్లుండే ఇళ్లకీ నీళ్లు ఆగవని, అందుకు ఎవరు డ్యూటీలో ఉంటారో పేర్లతో సహా చెప్పాం. రోజుకూలీ చేతికి వచ్చే డబ్బెంతో, అదే పనికి పర్మనెంటు మనిషికి ఎంతో, రెండు అంకెలు మాత్రమే కరపత్రంలో వేశాం. ఈసారి బస్తీ ఆడవాళ్లు మా టెంటు దగ్గరికి వచ్చి కూర్చున్నారు. రెండోరోజే చర్చలకి పిలిచారు. ఒప్పందం కాగితం మొదట చదివి వినిపించింది బస్తీలోనే.

సమ్మె చివరి ఆయుధం అని అందరూ అంటారు. నేను ఇంకో మాట కలుపుతాను. నిన్ను నమ్మే జనం లేనిచోట అది ఆయుధమే కాదు.

బస్తీ పని గురించి నీకు నేను చెప్పేది తక్కువ, అక్కడ నువ్వు నాకన్నా చురుకైనదానివి. ఒక్క విషయంలో మాత్రం నీ ఉత్తరం నన్ను కలవరపెట్టింది. "నేను రాకపోతే పని కదలడం లేదు" అన్నావు. అది మెచ్చుకోలుగా తీసుకోకు. ప్రమాద సూచన అది. మా బస్తీలో గ్రాంటు తెచ్చి చదువుకునే గది కట్టించాం. నేనే తిరిగాను, నేనే సంతకాలు పెట్టాను, తాళంచెవి కూడా నా దగ్గరే. నాకు జబ్బు చేసి రెండు నెలలు మంచంలో ఉంటే గది తెరవలేదు. పిల్లలు మెట్ల మీద కూర్చుని చదువుకున్నారని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను: తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, బల్బు పోతే ఎవరు మారుస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు. ఈ మూడింటికీ నా పేరు కాని పేర్లు వచ్చేదాకా అర్జీ మీద సంతకం పెట్టను.

షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లో రాసిన ఒక వ్యాసంలో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. కింది మెట్లలో జనాన్ని మభ్యపెట్టడమే ఉంటుంది. మధ్య మెట్లలో సమాచారం ఇస్తారు, అభిప్రాయం అడుగుతారు, నిర్ణయం మాత్రం తమ దగ్గరే ఉంచుకుంటారు. పై మెట్లలోనే జనం చేతికి అధికారం వస్తుంది. ఇది అధికారుల గురించే అనుకుంటాం. నన్ను నేను ఆ నిచ్చెన మీద పెట్టి చూసుకుంటే, చదువుకునే గది విషయంలో మధ్య మెట్ల మీదే ఉన్నాను. అందర్నీ పిలిచాను, అందరి మాటా విన్నాను, ఇంటికొచ్చి నేనే నిర్ణయం తీసుకున్నాను.

బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరంలో 1989లో కొత్త మేయరు వచ్చాడు. ఒలీవియో దుత్ర అని, అంతకుముందు బ్యాంకు ఉద్యోగుల సంఘం నాయకుడు. నగర బడ్జెట్‌లో పెట్టుబడి డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో వాడవాడలా సభలు పెట్టి జనంతోనే తేల్పించే పద్ధతి ఆయన కాలంలోనే మొదలైంది. ఎక్కువమంది కోరినవి తాగునీరు, మురుగుకాలవలు, రోడ్లు. తర్వాత ఎన్నో దేశాల్లో నగరాలు ఆ పద్ధతిని తీసుకున్నాయి. సంఘంలో పనిచేసి వచ్చిన మనిషి అధికారంలోకి వచ్చాక కూడా సభ పెట్టడం మర్చిపోకపోతే ఎలా ఉంటుందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

యూనియన్‌నీ బస్తీ పనినీ విడదీయనివాళ్లలో నాకు ఇష్టమైనవాళ్లు ఇద్దరు. మొదటివారు ఇలా భట్ అనే ఆవిడ. అహ్మదాబాదులో జౌళి కార్మిక సంఘంలో వకీలుగా పనిచేస్తూ, ఏ లెక్కలోనూ లేని ఆడకూలీలని చూసింది. నెత్తిన మూటలు మోసేవాళ్లు, వీధుల్లో అమ్ముకునేవాళ్లు, పాతబట్టలు కుట్టేవాళ్లు. వాళ్లకి 1972లో సేవ అనే సంఘం పెట్టబోతే, యజమాని లేనిదే యూనియన్ ఏమిటని రిజిస్ట్రేషన్‌కి అడ్డం చెప్పారు. ఎవరికో ఎదురు నిలబడటానికే కాదు, తమలో తాము కలిసి ఉండటానికి కూడా సంఘం కావాలని వాదించి నెగ్గింది. 1974లో నాలుగువేలమంది ఆడవాళ్లు తలా పది రూపాయలు వేసి సొంత బ్యాంకు పెట్టుకున్నారు. రెండోవారు శంకర్ గుహా నియోగి. ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరా గని కార్మికులతో కలిసి కూలిపోరాటాలు చేశాడు, తాగుడు మాన్పించాడు. పోరాటం, నిర్మాణం రెండూ కలిసే నడవాలనేవాడు. కార్మికులు తమ చందాలతో, తమ శ్రమదానంతో కట్టుకున్న షహీద్ ఆస్పత్రి 1983లో తెరుచుకుంది. 1991లో ఆయన్ని చంపేశారు. ఆస్పత్రి మూతపడలేదు. ఆ తాళంచెవి ఆయన ఒక్కడి దగ్గర లేదు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. రసీదు లేకుండా ఒక్క రూపాయి చందా కూడా తీసుకోకు. ఖాతాకి రెండు సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరిలో నువ్వు ఉండకపోతే ఇంకా మంచిది. నెలనెలా జమాఖర్చు మీటింగులో బిగ్గరగా చదివించు, ఎవరూ అడగకపోయినా సరే.

ఇంటి సంగతి నువ్వు అడగలేదు కానీ రాస్తున్నాను. నేను యూనియన్‌లో ఉన్న రోజుల్లో మా ఇంట్లోవాళ్లు నా గురించి పెట్టుకున్న టెన్షన్ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సస్పెన్షన్ మాట వచ్చినప్పుడల్లా మీ పెదనాన్న నాతో ఏమీ అనకుండా రాత్రిళ్లు లెక్కలు వేసుకునేవారు. ఆరునెలల జీతం విడిగా దాచుకో. అది నీ దగ్గర ఉంటే చర్చల్లో నీ గొంతు వణకదు, ఇంట్లోవాళ్లకీ నిద్రపడుతుంది. వారంలో ఒకరోజు మూడు నోటు పుస్తకాలూ మూసెయ్. ఆరోజు ఎవరి ఫోన్ వచ్చినా, ప్రాణం మీదకొచ్చిన విషయమైతే తప్ప, రేపు మాట్లాడతానని చెప్పు. మొదట్లో జనం నొచ్చుకుంటారు, తర్వాత అలవాటుపడతారు.

కార్యదర్శిగా ఎన్నాళ్లుండాలి అంటే, రెండు దఫాలు. నేను నాలుగుసార్లు ఉన్నాను. మూడోసారి నిలబడినప్పుడు "ఇంకెవరూ లేరు" అనుకున్నాను. ఎవరూ లేకపోవడానికి కారణం, ఎవరినీ తయారుచేయడానికి నేను సమయం పెట్టకపోవడమే. కాబట్టి నువ్వు గెలిచిన మొదటి నెలలోనే నీ తర్వాత రాగల ముగ్గురిని చూసుకో. ఆ ముగ్గురిలో ఒకరైనా నీతో మొహమాటం లేకుండా విభేదించేవాళ్లై ఉండాలి. ఒకరు కింది కేడరులోంచి, ఊడ్చేవాళ్లలోంచో డ్రైవర్లలోంచో రావాలి. వాళ్లని చర్చలకి తీసుకెళ్లు, మొదట రాయనివ్వు, తర్వాత మాట్లాడనివ్వు. వాళ్లు తడబడితే మధ్యలో అందుకోకు, తర్వాత బయటికొచ్చాక చెప్పు. బస్తీ కమిటీలో కూడా ఇదే. వచ్చేవారం మీటింగుకి నువ్వు వెళ్లి వెనక వరసలో కూర్చో, అజెండా వేరేవాళ్లచేత చదివించు. పని నెమ్మదిగా సాగుతుంది, కొన్నిసార్లు తప్పుగా కూడా సాగుతుంది. ఓర్చుకో.

నామినేషన్‌కి ఇంకా పదిరోజులు ఉందన్నావు కదా. ఈ పదిరోజుల్లో ఒక పని చెయ్. మీ ఆఫీసులో యూనియన్ సభ్యత్వం తీసుకోనివాళ్లు ఎంతమంది ఉన్నారో జాబితా రాసుకుని, వాళ్లలో కనీసం పదిమందితో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, ఎందుకు చేరలేదో అడుగు. ఒప్పించాలని చూడకు, విని రాసుకో. బస్తీ కమిటీవాళ్లకి కూడా చెప్పు, నువ్వు నిలబడుతున్నావని, గెలిస్తే వారానికి ఎన్ని సాయంత్రాలు ఇవ్వగలవో. వాళ్లు ఏమంటారో విను.

ఆ పదిమంది చెప్పిన కారణాలు నాకు రాసి పంపు. పేర్లు వద్దు, కారణాలు చాలు. చదివి, నాకు తోచింది మళ్లీ ఉత్తరంలో రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ